మైకు సెట్టు ఢిల్లేసు చెప్పిన రాత్రి

పెళ్లికి కట్టినాను, సావుకి కట్టినాను,
అమ్మవారి పండక్కి తొమ్మిది రాత్రులు కట్టినాను.
ఎలచ్చన్లకి జీపు మీద రెండు హారన్లు బిగించి
ఉద్దానం ఊళ్లన్నీ తిరిగినాను.
అందరూ ఒకటే మాట, గరగర రాకూడదు ఢిల్లేసూ అని.
గరగర రావాలన్నా, బాగా రావాలి,
అని అడిగినోడు ఇన్నేళ్లకి ఈ గుంటడే.

కాశీబుగ్గ దాటినాక, పట్టాలకి ఇవతల
మూసేసిన జీడిపిక్కల బట్టీ.
తిత్లీ గాలికి రేకు లేచిపోయిన మూల
ఇప్పటికీ ఆకాశమే.
నేలంతా తొక్కల నలుపు, జోడు ఆన్తే అంటుకుంటాది.
టిక్కెట్టు యాభై. డబ్బుల్లేనోడు
డీజిలు డబ్బా మోస్తే చాలు.

సాయంత్రం ప్యాసింజరుకి దిగినారు
బరంపురం పిల్లలు నలుగురు, ఇసాపట్నం నుంచి ఏడుగురు,
ఇచ్ఛాపురం నుంచి ఒక్కడే, గిటారు గోనెసంచిలో చుట్టుకుని.

మొదటి బ్యాండు పేరు తుప్పు.
వంగి వైరుకి టేపు చుట్టి లేచేలోగా
మూడు పాటలు అయిపోనాయి.
టెస్టింగేనా బావూ? అన్నాను.
సగం అయిపోయిందన్నా, అన్నాడు చెమటలు కక్కుతూ.

రెండోది కరెంటు బాకీ.
ఆ పేరు పెట్టుకున్నందుకో ఏటో
నాలుగో పాటకి జెనరేటరు ఠపీమంది.
డ్రమ్ములోడు ఆపనేదు.
మైకు సచ్చినా పాడేవోడు ఆపనేదు.
నాను టార్చి నోట కరుచుకుని కిక్కు లాగుతుంటే
గుడ్డి చీకట్లో ఎనభై గొంతులు
ఎవుడి మీదో తెగ కోపంగా ఉన్నాయి.
నా మీద కాదు కదా అని ఒకసారి ఎనక్కి చూసినాను.

లైటొచ్చినాక చూద్దును కదా, కొట్లాట!
గుండ్రంగా పరిగెడతారు, గుద్దుకుంటారు,
మోచేతులు, మోకాళ్లు.
హారనుకి అడ్డంగా పడి, ఆపండ్రా, అని అరిచినాను.
ఒకడు జారి పడ్డాడు,
పడ్డోడి చుట్టూ పది చేతులు.
లేపి, జోడు వెతికి ఇచ్చి, వీపు తట్టి
మళ్లీ లోపలికే తోసినారు.
మా తాత రొమ్మున రేకు తప్పెట కట్టుకుని
ఇలాగే గుండ్రంగా ఎగిరేవోడు, పిక్కలు నెత్తురు చిమ్మినట్టు అయ్యేవి.
తెల్లారి వీపు కాపడం పెట్టమనేవోడు.
ఆయనకైతే ముందో దండం ఉండేది, వెనకో కథ ఉండేది.
వీళ్లకేటున్నాదో నాకు తెలీదు.
హారను వదిలేసి పక్కకొచ్చి నిలబడ్డాను.

ఆఖరుది ఈ ఊరిదే. జీడిసొన.
పాడేది దమయంతి, పద్దెనిమిదేళ్లు ఉంటాయో నేదో.
స్టేజీ వద్దంది. కిటికీ పక్కన మూడో వరసలో,
వాళ్లమ్మ పదకొండేళ్లు పిక్కలు కొట్టిన చోట,
నేల మీదే నిలబడింది.
మైకు దాదాపు మింగేసినాది.
ముప్పై రెండు! అన్నాది.
కేజీకి ముప్పై రెండు!
అంతే పాట.
నలభై సెకన్లు, అదే మాట,
నా పాత బాక్సు పొర చిరిగినట్టు ఒక సప్పుడు,
రేకుల మీద నుంచి పావురాళ్లు లేచిపోనాయి.

గుమ్మంలో వాళ్లమ్మ తవిటమ్మ,
చేతిలో క్యారేజీ, చెవుల్లో చీర కొంగు.
సొన తిన్న వేళ్లు, గోళ్ల దాకా నలుపు.
అంతా అయ్యాక నా దగ్గరకొచ్చింది.
ఏటన్నాది బాబూ మా గుంట? ఒక్క ముక్క అర్థం కానేదు.
నీ కూలి రేటు చెప్పిందమ్మా, కేజీకి ముప్పై రెండని.
కాసేపు లెక్క కట్టింది.
తప్పు సెప్పింది, అన్నాది.
కొత్త బట్టీలో ఈ నెల నుంచి ముప్పయ్యే.

ఆ మాట దమయంతికి నాను సెప్పనేదు.
వైర్లు చుట్టుకుంటుంటే ఆవిడే వెళ్లి సెప్పింది,
అన్నం కలుపుతూ.
ఆ పిల్ల నోట్లో ముద్దతోనే లేచి
డ్రమ్ములోడి వైపు చూసింది.

అన్నా, అన్నాడాడు,
మైకు ఇప్పేసినావా?
సగం ఇప్పినాను.
మళ్లీ కట్టినాను.
దానికి కిరాయి రాసుకోనేదు.